జీతం ఆగిపోయాక: అమెరికాలో జాతుల మధ్య ఆస్తి అంతరం

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్లకోసారి అక్కడి కుటుంబాల ఆస్తిపాస్తుల మీద సర్వే చేస్తుంది. ఇల్లు, పొలం, బ్యాంకు నిల్వ, షేర్లు, రిటైర్మెంట్ ఖాతా అన్నీ కలిపి, అందులోంచి అప్పులు తీసేయగా మిగిలేదాన్ని కుటుంబ సంపదగా లెక్కిస్తుంది. శ్వేతజాతి కుటుంబాలన్నిటినీ సంపదను బట్టి వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే కుటుంబానికి 2022 సర్వేలో 2,85,000 డాలర్ల సంపద ఉంది. నల్లజాతి కుటుంబాల వరుసలో నడుమ ఉన్నదానికి 44,900 డాలర్లు. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్ కుటుంబాల్లో ఆ అంకె 61,600. ఆదాయంలో తేడా ఉన్నా ఇంత లేదు. అదే ఏడాది జనగణన సంస్థ లెక్క ప్రకారం నడిమి శ్వేతజాతి కుటుంబం ఏడాదికి 81,060 డాలర్లు సంపాదిస్తే, నడిమి నల్లజాతి కుటుంబం 52,860 డాలర్లు సంపాదించింది. అంటే సంపాదనలో డాలరుకు 65 సెంట్లు, సంపదలో డాలరుకు 16 సెంట్లు.

ఈ రెండు అంకెల మధ్య తేడా పనిచేసే వయసులో అంతగా బయటపడదు. నెల జీతం వస్తున్నంత కాలం అద్దె కట్టుకోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు, కారు వాయిదా తీర్చుకోవచ్చు. జీతం ఆగిపోయిన నాటి నుంచి మనిషి బతకాల్సింది కూడబెట్టిన దాని మీద. అందుకే జాతుల మధ్య ఆస్తి అంతరం ముసలితనంలోనే పూర్తిగా కనిపిస్తుంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన వాళ్లలో పదిమందిలో ఒకరు పేదరికంలో ఉన్నారు. నల్లజాతి, హిస్పానిక్ వృద్ధుల్లో పేదల శాతం శ్వేతజాతి వృద్ధుల్లోని శాతానికి దాదాపు రెట్టింపు.

జీతాలు చాలక పొదుపు లేదనీ, పొదుపు లేక సంపద లేదనీ సరిపెట్టుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. సంపద ఒక్క తరంలో తయారయ్యేది కాదు. తాత కొన్న పొలం, తండ్రి కట్టిన ఇల్లు, తల్లి దాచిన డబ్బు తర్వాతి తరానికి పెట్టుబడి అవుతాయి. నల్లజాతి కుటుంబాల చేతికి ఆస్తి రాబోయిన ప్రతిసారీ ఏదో ఒక చట్టం, ఏదో ఒక ఆఫీసు, కొన్నిసార్లు ఏకంగా ఒక మూక అడ్డుపడింది.

బానిసత్వం అంతమవుతున్న రోజుల్లో, 1865 జనవరిలో, ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ ఒక సైనిక ఉత్తర్వు జారీ చేశాడు. దక్షిణ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా సముద్ర తీరాన స్వాధీనం చేసుకున్న సుమారు 4 లక్షల ఎకరాలను, కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా, విడుదలైన బానిసలకు పంచాలని ఆ ఉత్తర్వు. వేల కుటుంబాలు ఆ భూముల్లో పంటలు వేసుకున్నాయి. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఉత్తర్వును తిరగదోడి, భూమిని పాత యజమానులకే ఇప్పించాడు. తమ పేరున పట్టా పడబోయిన నేలలోనే చాలామంది కౌలుదార్లుగా, కూలీలుగా మిగిలారు.

విడుదలైన బానిసలు పొదుపు చేసుకునే చోటు కూడా ఉండాలని 1865 మార్చిలో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. చార్టర్ మీద అధ్యక్షుడు లింకన్ సంతకం ఉంది కాబట్టి తమ డబ్బుకు ప్రభుత్వం పూచీ ఉందనే డిపాజిటర్లు నమ్మారు. నిజానికి ఆ పూచీ లేదు. బ్యాంకు నడిపినవాళ్లు ఆ డబ్బును సరైన హామీ లేకుండా అప్పులిచ్చి ముంచారు. 1874లో, మునుగుతున్న బ్యాంకుకు ప్రఖ్యాత నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆయన సొంత డబ్బు 10,000 డాలర్లు పెట్టినా అది నిలబడలేదు. మూతపడే నాటికి 61 వేలకు పైగా డిపాజిటర్ల సొమ్ము సుమారు 30 లక్షల డాలర్లు అందులో ఇరుక్కుపోయింది. ఏళ్ల తరబడి తిరిగితే కొందరికి కొంత భాగం దక్కింది, చాలామందికి ఏమీ దక్కలేదు. బ్యాంకు అంటే జంకు నల్లజాతి కుటుంబాల్లో తరాల పాటు ఉండిపోయిందంటే దాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. అది అనుభవం నేర్పిన పాఠం.

అయినా వాళ్లు కూడబెట్టారు. 1910 నాటికి నల్లజాతి రైతుల చేతిలో దాదాపు కోటిన్నర ఎకరాల పొలం ఉంది. ఆ తర్వాత అందులో అత్యధిక భాగం చేయి జారింది. ఒక కారణం వీలునామా. కోర్టుల మీద నమ్మకం లేక, వకీలు దొరక్క, చాలామంది వీలునామా రాయకుండానే చనిపోయారు. పొలం వారసులందరి ఉమ్మడి ఆస్తిగా ఉండిపోయింది. ఎక్కడో దూరాన ఉన్న ఒక వారసుడి వాటాను బయటి కొనుగోలుదారు సంపాదించి, పంపకం కోరుతూ కోర్టుకెక్కితే, కోర్టు మొత్తం పొలాన్ని వేలం వేయించేది. కారుచౌకగా అది అతనికే దక్కేది. ఈ దారిని కట్టడి చేసే నమూనా చట్టం 2010లో గానీ రాలేదు. ఇక ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని గ్రీన్‌వుడ్ అయితే దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లతో కళకళలాడిన నల్లజాతి పేట. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో శ్వేతజాతి మూకలు దాన్ని తగలబెట్టాయి. ఇళ్లూ దుకాణాలూ పోగొట్టుకున్నవాళ్లకు బీమా కంపెనీలు పరిహారం ఇవ్వలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా మధ్యతరగతికి ఆస్తి అంటే ప్రధానంగా ఇల్లే. ఆ ఇల్లు కొనుక్కోవడానికి ప్రభుత్వమే చేయూతనిచ్చింది. మాంద్యం రోజుల్లో, 1933లో ఏర్పడిన గృహ రుణ సంస్థ 200కు పైగా నగరాలకు పటాలు గీసి, పేటలను నాలుగు రంగుల్లో చూపింది. అప్పు ఇస్తే ప్రమాదం అన్న పేటలకు ఎరుపు. నల్లవాళ్లు ఉన్న పేటలకు దాదాపు ఎప్పుడూ ఆ రంగే పడింది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంకా గట్టి దెబ్బ తీసింది. ఇంటి అప్పులకు పూచీ పడే ఆ సంస్థ, జాతులు కలిసి ఉండే చోట ఇళ్ల విలువ పడిపోతుందని తన నిబంధనల్లోనే రాసుకుంది. దాని పూచీతో లేచిన కొత్త కాలనీల్లో నల్లవాళ్లకు అమ్మకూడదన్న షరతు దస్తావేజుల్లోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1944లో చేసిన చట్టం లక్షల మందికి చదువు, ఇల్లు ఇచ్చింది. కానీ అప్పు మంజూరు చేయాల్సింది స్థానిక బ్యాంకులు. మిసిసిపీలోని 13 నగరాల్లో 1947లో ‘ఎబొనీ’ పత్రిక ఆరా తీస్తే, మాజీ సైనికులకు పూచీతో ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లజాతి వాళ్లకు అందినవి రెండు.

ఇంటి అమ్మకంలో వివక్షను చట్టం నిషేధించింది 1968లో. అప్పటికి శ్వేతజాతి కుటుంబాల ఇళ్ల ధరలు పాతికేళ్లుగా పెరుగుతూనే ఉన్నాయి. నేడు శ్వేతజాతి కుటుంబాల్లో నూటికి 70 మందికి పైగా, నల్లజాతి కుటుంబాల్లో సుమారు 45 మంది సొంతింటి వాళ్లు. ఆలస్యంగా కొనుక్కున్న ఆ ఇళ్లకు కూడా 2008 గృహ రుణాల సంక్షోభంలో గట్టి దెబ్బే తగిలింది. మామూలు వడ్డీకి అర్హత ఉన్న నల్లజాతి, హిస్పానిక్ దరఖాస్తుదారులకు కూడా ఎక్కువ వడ్డీ అప్పులు అంటగట్టారు. ఆ ఆరోపణల మీద గృహ రుణాల సంస్థ కంట్రీవైడ్ కేసులో 2011లో న్యాయశాఖతో కుదిరిన రాజీ మొత్తం 33.5 కోట్ల డాలర్లు. ప్యూ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2005, 2009 మధ్య నడిమి శ్వేతజాతి కుటుంబం సంపదలో 16 శాతం పోతే, నల్లజాతి కుటుంబం 53 శాతం, హిస్పానిక్ కుటుంబం 66 శాతం పోగొట్టుకున్నాయి. అప్పటికి యాభై దాటిన వాళ్లకు ఆ నష్టం పూడ్చుకునేంత సంపాదన కాలం మిగల్లేదు.

రిటైర్మెంట్ ఏర్పాట్ల చరిత్రా ఇలాగే మొదలైంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం అమెరికా వృద్ధులకు ఆధారం. జీతం నుంచి కార్మికుడు కొంత, యజమాని కొంత కడితే, ముసలితనంలో నెలనెలా పింఛను వస్తుంది. అయితే మొదటి చట్టంలో వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను చేర్చలేదు. ఆనాటి నల్లజాతి కార్మికుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఈ రెండు పనుల్లోనే ఉన్నారు. చట్టసభలోని దక్షిణాది సభ్యులను మెప్పించడానికే ఇలా చేశారని కొందరు చరిత్రకారులు అంటారు. కూలీల దగ్గర పన్ను వసూలు కష్టమని అధికారులే వద్దన్నారని మరికొందరి వాదన. ఉద్దేశం ఏదైనా, పొలాల్లోనూ వంటిళ్లలోనూ ఒళ్లు వంచిన వాళ్లకు పింఛను లేకుండా పోయింది. 1950, 1954 సవరణలతో గానీ వాళ్లలో ఎక్కువమంది పథకంలోకి రాలేదు. పింఛను లేని తల్లిదండ్రులను పోషించడం పిల్లల మీద పడింది. ఆ పిల్లలు తమ ముసలితనానికి దాచుకోగలిగింది ఆ మేరకు తగ్గింది.

సోషల్ సెక్యూరిటీ ఒక్కటే బతకడానికి సరిపోయేది కాదు. సగటు ఆదాయం ఉన్నవాళ్లకు అది పాత జీతంలో సుమారు 40 శాతమే ఇస్తుంది. మిగతాది ఒకప్పుడు కంపెనీ పింఛను. బతికినంత కాలం నెలకు ఇంత అని కంపెనీయే హామీ ఇచ్చేది. 1978 పన్ను చట్టంలోని 401(కె) అనే నిబంధన ఆధారంగా 1980ల నుంచి కంపెనీలు ఆ హామీ మానేసి, ఉద్యోగి ఖాతాలో కొంత డబ్బు జమ చేయడంతో సరిపెట్టుకోసాగాయి. ఆ డబ్బు షేర్లలో, బాండ్లలో పెరిగితే పెరిగినట్టు, తరిగితే తరిగినట్టు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2004 సెప్టెంబరు నుంచి చేరిన ప్రభుత్వోద్యోగులు వాటా పింఛను పథకం సీపీఎస్ వద్దు, పాత పింఛనే కావాలని ఎందుకు పోరాడుతున్నారో తెలిసినవాళ్లకు ఈ మార్పు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. నష్టభయం యజమాని భుజం మీంచి ఉద్యోగి భుజం మీదికి మారింది.

ఈ మార్పు అందరికీ ఒకేలా తగల్లేదు. కంపెనీ ఖాతా తెరవాలంటే ముందు ఆ సదుపాయం ఇచ్చే ఉద్యోగం ఉండాలి. చిన్న దుకాణాల్లో, హోటళ్లలో, ఇంటింటి వృద్ధసేవల్లో, నిర్మాణ పనుల్లో అది తక్కువ. నల్లజాతి, హిస్పానిక్ కార్మికులు ఎక్కువగా ఉన్నది అలాంటి పనుల్లోనే. 2022 సర్వేలో రిటైర్మెంట్ ఖాతా ఏదో ఒకటి ఉన్న కుటుంబాలు శ్వేతజాతిలో 62 శాతం, నల్లజాతిలో 35, హిస్పానిక్‌లలో 28. నల్లజాతి మధ్యతరగతిని కొంత కాపాడినవి ప్రభుత్వోద్యోగాలు. తపాలా శాఖ, బడులు, నగర పాలక సంస్థలు వాళ్లకు పింఛనున్న కొలువులిచ్చాయి. ప్రభుత్వ కొలువుల్లో కోత పడినప్పుడల్లా ఆ దారి ఇరుకైంది.

ఖాతా ఉన్నవాళ్లలోనూ తేడా ఉంది. ఈ ఖాతాల మీది పన్ను మినహాయింపుతో ఎక్కువ పన్ను కట్టేవాళ్లకే ఎక్కువ లాభం. ఆదాయపు పన్ను పరిధిలోకి రాని కార్మికుడు దాచుకుంటే దాని వల్ల కలిసొచ్చేది శూన్యం. చేతిలో వేరే నిల్వ లేని ఇంట్లో జబ్బో ఉద్యోగం పోవడమో జరిగితే ఆ ఖాతా మీదే చేయి పడుతుంది. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకముందు తీస్తే మామూలు పన్ను మీద అదనంగా 10 శాతం కట్టాలి. ఆలస్యంగా మొదలుపెట్టినా నష్టమే. నెలకు 200 డాలర్ల చొప్పున 40 ఏళ్లు వేస్తే, ఏడాదికి 6 శాతం పెరుగుదల మీద అది సుమారు 3,98,000 డాలర్లవుతుంది. అదే మొత్తం 25 ఏళ్లే వేస్తే 1,38,600. వేసిన సొమ్ములో తేడా 36,000 డాలర్లు, చేతికందేదాంట్లో తేడా రెండున్నర లక్షలకు పైన.

ఆ మొదటి పదిహేనేళ్లూ ఎవరికి కలిసొస్తాయన్నదే అసలు ప్రశ్న. 2008లో పట్టా పుచ్చుకున్న వాళ్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో, నాలుగేళ్ల తర్వాత నల్లజాతి పట్టభద్రుల చదువుల అప్పు సగటున దాదాపు 53,000 డాలర్లు, శ్వేతజాతి వాళ్లది 28,000. ఇంట్లోవాళ్లు ఫీజు కట్టగలిగితే అప్పు ఉండదు, తాత డౌన్‌పేమెంట్ ఇస్తే ముప్పై ఏళ్లకే ఇల్లుంటుంది. వారసత్వంగా ఏదైనా అందుకున్న కుటుంబాలు 2019 సర్వేలో శ్వేతజాతిలో సుమారు 30 శాతం, నల్లజాతిలో 10. నల్లజాతి కుటుంబాల్లో డబ్బు చాలాసార్లు ఎదురు దిశలో, పిల్లల నుంచి పెద్దలకు, స్థిరపడినవాళ్ల నుంచి చితికిన బంధువులకు పోతుంది. బాగా చదువుకుంటే అంతరం పూడుతుందన్న నమ్మకం ఇక్కడే వీగిపోతుంది. డారిక్ హామిల్టన్, విలియం డారిటీ తదితర ఆర్థికవేత్తలు 2015లో చూపిన ప్రకారం, కాలేజీ చదివిన నల్లజాతి కుటుంబ పెద్ద ఇంట ఉన్న నడిమి సంపద, హైస్కూలు కూడా పూర్తిచేయని శ్వేతజాతి కుటుంబ పెద్ద ఇంటి సంపద కంటే తక్కువ.

ఇంత అసమానత మధ్య సోషల్ సెక్యూరిటీయే కాస్త సమంగా చూస్తుంది. తక్కువ జీతం మీద బతికినవాళ్లకు అందులో ఎక్కువ వంతు తిరిగొచ్చేలా సూత్రం ఉంది. ధరలతో పాటు పింఛను పెరుగుతుంది, చనిపోయేదాకా ఆగదు. బోస్టన్ కాలేజీ పరిశోధకులు 2016 లెక్కలతో చూపిన విషయం ఇది: సోషల్ సెక్యూరిటీని పక్కన పెడితే నడిమి నల్లజాతి కుటుంబపు రిటైర్మెంట్ సంపద శ్వేతజాతి కుటుంబానిదాంట్లో 14 శాతం, దాన్ని కలిపితే 46 శాతం. అది లేకపోతే అమెరికా వృద్ధుల్లో పదిమందికి నలుగురు పేదరికంలో పడతారని అంచనా.

అయితే అందులోనూ మెలికలున్నాయి. పింఛను లెక్కకు 35 ఏళ్ల సంపాదన తీసుకుంటారు. నిరుద్యోగంలో గడిచిన ఏళ్లు సున్నాలై సగటును కిందికి లాగుతాయి. 1983 సవరణలు పూర్తి పింఛను వయసును 65 నుంచి మెల్లగా 67కు పెంచాయి. 62కే తీసుకోవచ్చు, కానీ 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్లకు నెల పింఛను 30 శాతం తగ్గుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. నడుము విరిగే పనులు చేసినవాళ్లు 67 దాకా ఆగలేరు. 2022లో పుట్టిన శిశువుకు ఆయుర్దాయం అంచనా శ్వేతజాతిలో 77.5 ఏళ్లు, నల్లజాతిలో 72.8. పథకానికి కట్టి పింఛను చూడకుండానే పోయేవాళ్లు నల్లజాతిలో ఎక్కువ. వాళ్ల భార్యాపిల్లలకు వచ్చే పింఛను, వికలాంగ పింఛను ఆ నష్టాన్ని కొంత భర్తీ చేస్తాయి, పూర్తిగా కాదు.

మిగిలిన ఆస్తిని హరించేది మంచాన పడిన తర్వాతి ఖర్చు. 65 దాటిన వాళ్ల వైద్య బీమా మెడికేర్ ఆసుపత్రి బిల్లు భరిస్తుంది గానీ, ఏళ్ల తరబడి స్నానం చేయించి అన్నం తినిపించే సేవకు డబ్బివ్వదు. ఆ పని పేదల పథకం మెడికెయిడ్ చేస్తుంది, అదీ చేతిలో ఉన్నదంతా అయిపోయాక. మనిషి పోయాక, పెట్టిన ఖర్చు ఆ మనిషి వదిలిన ఆస్తి నుంచి రాష్ట్రాలు రాబట్టాలని 1993 చట్టం. ఒకే ఒక్క ఇల్లు పిల్లలకు మిగులుతుందనుకున్న కుటుంబాల్లో అదీ పోతుంది. నిరుపేద వృద్ధులకిచ్చే ఎస్ఎస్ఐ సాయం అందాలంటే ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. 1989 నుంచి ఆ పరిమితి కదల్లేదు. దాచుకోమని చెప్పే ప్రభుత్వమే దాచుకున్నందుకు సాయం నిలిపేయడం సమర్థించలేని విషయం.

ఇతర జాతుల కథలు కొంత వేరు. ఆదివాసీ తెగల భూమి, ఉమ్మడి నేలను ముక్కలుగా పంచిన 1887 నాటి డాస్ చట్టం వల్ల 13.8 కోట్ల ఎకరాల నుంచి 1934కు 4.8 కోట్లకు కుంగింది. హిస్పానిక్‌ల ఆయుర్దాయం ఎక్కువ, కాబట్టి తక్కువ పొదుపుతో ఎక్కువ ఏళ్లు గడపాలి. వాళ్లలో పత్రాలు లేని కార్మికులు చాలామంది సోషల్ సెక్యూరిటీకి కడతారు, పింఛను అడగలేరు. ఆసియన్ కుటుంబాల నడిమి సంపద 2022లో 5,36,000 డాలర్లు, అన్ని జాతుల కంటే పైన. అయినా ఆసియన్ వృద్ధుల్లో పేదరికం శ్వేతజాతి వృద్ధుల కంటే ఎక్కువ. ఆ సంపద ఎక్కువగా పెద్ద చదువులతో వచ్చిన నడివయసు ఉద్యోగులది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. పిల్లల దగ్గరికి లేటు వయసులో వెళ్లిన తల్లిదండ్రులకు మాత్రం అక్కడ సంపాదించిన ఏళ్లు లేవు, కాబట్టి సొంత పింఛనూ లేదు. హెచ్1బి వీసా ఉద్యోగి జీతం నుంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కోత పడుతుంది. పింఛనుకు అర్హత రావాలంటే సుమారు పదేళ్ల పని ఉండాలి. భారత్, అమెరికాల మధ్య ఈ విషయంలో ఒప్పందం లేనందున, అంతకు ముందే తిరిగొచ్చేసిన వాళ్లు కట్టింది వదులుకోవాల్సిందే.

దిద్దుబాట్లు కొన్ని మొదలయ్యాయి. యజమాని ఖాతా ఇవ్వకపోతే రాష్ట్రమే జీతం నుంచి పొదుపు జమ చేసే పథకం ఒరెగాన్‌లో 2017లో వచ్చింది, ఇల్లినాయ్, కాలిఫోర్నియా అనుసరించాయి. తక్కువ ఆదాయం వాళ్లు దాచుకున్న 2,000 డాలర్ల దాకా సగం, అంటే 1,000 డాలర్ల వరకు, ప్రభుత్వం కలిపే ఏర్పాటును 2022 చట్టం 2027 నుంచి అమలుకు పెట్టింది. కనెక్టికట్ రాష్ట్రం 2023 జులై 1 నుంచి పుట్టే పేద పిల్లల్లో ఒక్కొక్కరి పేరున 3,200 డాలర్లు మదుపు చేస్తోంది. ఇవి జాతిని బట్టి ఇచ్చేవి కావు, ఆదాయాన్ని బట్టి ఇచ్చేవి. మంచి పనులే. కానీ నెలకు కొంత దాచుకునే వీలు కల్పించినంత మాత్రాన, దక్కని 40 ఎకరాలూ దొరకని ఇంటి అప్పూ తరాల పాటు పెరిగి అయ్యుండే మొత్తం చేతికి రాదు. ఆ లోటును నేరుగా ప్రభుత్వమే పూడ్చాలన్న పరిహారపు డిమాండ్ అందుకే వస్తోంది. ఇల్లినాయ్‌లోని ఎవాన్‌స్టన్ నగరం 2021లో, గృహ వివక్షకు గురైన నల్లజాతి నివాసులకూ వాళ్ల వారసులకూ ఇంటి కోసం 25,000 డాలర్ల చొప్పున ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. దేశవ్యాప్తంగా అలాంటి చట్టం ఏదీ రాలేదు.

ఈలోగా సోషల్ సెక్యూరిటీ నిధికే గడువు దగ్గరపడుతోంది. 2025 ట్రస్టీల నివేదిక ప్రకారం వృద్ధాప్య పింఛన్ల నిధి నిల్వ 2033లో ఖాళీ అవుతుంది, ఆ తర్వాత వచ్చే పన్నులతో 77 శాతం పింఛను మాత్రమే ఇవ్వగలరు. జీతం ఒక హద్దు దాటాక ఈ పన్ను పడదు. 2025లో ఆ హద్దు 1,76,100 డాలర్లు. దాన్ని ఎత్తేయాలని ఒక పక్షం, పింఛను వయసు ఇంకా పెంచాలని మరో పక్షం వాదిస్తున్నాయి. అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏదీ చేయకపోతే 23 శాతం కోత అందరికీ ఒకేలా పడుతుంది. 401(కె) నిల్వ, సొంతిల్లు ఉన్న కుటుంబం వాటి మీద కొంత సర్దుకుంటుంది. ఆ నెల చెక్కు తప్ప వేరే రాబడి లేని ఇంట్లో అది తిండికీ మందులకూ పెట్టే డబ్బులో కోత.